వినుటకు ముందు తెలియవలసిన మాటలు

టెలివిజను ఇంకను మన ఊళ్లలో అడుగిడని దినములలో, టెస్టు మ్యాచి జరుగుచున్న అయిదు దినములును, కాఫీ హోటళ్ల ముంగిటను, కిళ్లీకొట్ల యొద్దను, ఆఫీసు వరండాలలోను రేడియో చుట్టును మూగియుండిన జనమును చూచినవారికి ఒక వింత జ్ఞప్తికి రాకమానదు. ఆ మూగినవారిలో స్కూలు ఫైనలు తప్పినవారు కలరు. ఇంగ్లీషున ఒక అర్జీ వ్రాయవలసివచ్చినచో పొరుగింటి గుమాస్తాను ఆశ్రయించువారు కలరు. అదే రేడియోలో రాత్రి తొమ్మిది గంటలకు వచ్చు ఇంగ్లీషు వార్తలలో పట్టుమని పది మాటలైనను తెలియక పెట్టె కట్టివేయువారు కలరు. అయినను, బొంబాయిలోనో కలకత్తాలోనో కూర్చుండి వ్యాఖ్యాత ఊపిరి సలుపకుండ చెప్పుచున్న ఆ ఆంగ్లవాక్ప్రవాహమును వారు ఎప్పటికప్పుడు అందుకొని, బంతి ఎచట పడినదో, ఎటు తిరిగినదో, ఏ తావున నిలిచిన ఆటగాడు దానిని ఆపినాడో ప్రక్కవానికి తెలుగున చెప్పుచుండిరి. సిల్లీ పాయింటు, థర్డ్ మ్యాన్, గల్లీ, లెగ్ బై, మెయిడెన్ ఓవరు మొదలగు మాటలు, ఇంగ్లండులోనే పుట్టి పెరిగినవాడైనను క్రికెటు నెఱుగని పక్షమున తెల్లమొగము వేయవలసినవి, మన పేటలలోని కుఱ్ఱవాండ్రకు కరతలామలకములుగ నుండెను.

దీనిని చూచి, వారికి లోలోపల ఇంగ్లీషు వచ్చుననియు, బిడియముచేత పలుకకుండిరనియు తలంచుట పొరపాటు. వారికి వచ్చినది ఇంగ్లీషు కాదు. ఒక ఆటకు సంబంధించిన మాటలు, మహా అయిన కొన్ని వందలు. కాని ఆ కొన్ని వందలను వారు అచ్చులో చూచి కాక చెవితో విని నేర్చిరి. ఒక్కొక్కదానిని లెక్కకు మిక్కిలి పర్యాయములు వినిరి. ఏ మాట వెనుక ఏ మాట వచ్చునో, ఏ సందర్భమున ఏది రాదో వారికి ముందే తెలియును. తెలియని మాటలు ఎన్ని దొర్లిపోయినను తెలిసిన మాటల ఆధారముచేత వారు ఆట నడకను పోగొట్టుకొనరైరి.

ఇందుకు ప్రతిగా వేఱొక దృశ్యము. ఇచట ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని పైచదువునకై అమెరికాకు పోయిన తెలుగు విద్యార్థి, కంప్యూటరు శాస్త్రమున ఆచార్యుడు గంటసేపు చెప్పిన పాఠమును అవలీలగ గ్రహించి, తరగతి ముగిసిన పిమ్మట ఆకలిగొని ఉపాహారశాలకు పోయి, బల్ల వెనుక నిలిచిన అమ్మాయి అడిగిన అయిదు పొట్టి మాటల ప్రశ్నకు బిక్కమొగము వేయును. 'ఫర్ హియర్ ఆర్ టు గో?' అను నా ప్రశ్నలో మన అయిదవ తరగతి పిల్లవాడు ఎఱుగని మాట యొక్కటియు లేదు. ఇచటనే కూర్చుండి తినెదరా, పొట్లము కట్టి యిమ్మందురా యని తాత్పర్యము. అల్గారిథము, రికర్షను, పాయింటరు మొదలగు గంభీరశబ్దములు అతనికి నాలుగేండ్ల చుట్టములు. హోటలు బల్లయొద్ది భాష మాత్రము అతని చెవిని ఇదివఱకెన్నడును సోకినది కాదు. కష్టము మాట పొడవులో లేదు, వ్యాకరణములో లేదు. ఆ చోట ఆ మాట వచ్చునని ముందుగ ఎఱుగకుండుటలో ఉన్నది.

కనుక ఒకనికి 'ఇంగ్లీషు అర్థమగునా, కాదా' యని అడుగుటకంటె, 'ఏ విషయమున ఇంగ్లీషు అర్థమగును' అని అడుగుట న్యాయము. వినికిడికిని విషయపదజాలమునకును గల ఈ సంబంధము ఊహాజనితము కాదు. గడచిన డెబ్బది యేండ్లుగ ప్రయోగశాలలలో పరీక్షింపబడుచు వచ్చిన విషయము.

పుటపై అచ్చుపడిన ఇంగ్లీషునకును నోట వెలువడు ఇంగ్లీషునకును గల భేదము మన పాఠశాలలలో ఏనాడును సరిగ చెప్పబడలేదు. అచ్చులో మాటకును మాటకును నడుమ ఖాళీ యుండును. చదువరి తనకు తోచినంతసేపు ఒక మాటపై కన్ను నిలుపవచ్చును, వెనుకకు పోవచ్చును, నిఘంటువు తిరుగవేయవచ్చును. నోటి మాటలో ఆ ఖాళీలు లేవు. పలుకును యంత్రముచే చిత్రించి చూచినచో, నిశ్శబ్దములు మాటల నడుమకంటె మాటల లోపలనే, ప, ట, క వంటి స్పర్శాక్షరములకై నోటిలో గాలి అడ్డగింపబడు తావులందే ఎక్కువగ కానవచ్చును. మాటలు విడివిడిగ వినబడుచున్నవని మనకు తోచుట మన మనస్సు చేయు పనియే కాని, గాలిలో వచ్చిన శబ్దము చేసినది కాదు. 1963, 64 ప్రాంతమున అమెరికాలో పొలాక్, పికెట్ అను ఇరువురు పరిశోధకులు, స్వేచ్ఛగ సంభాషించువారి పలుకులను టేపుపై కెక్కించి, అందుండి ఒక్కొక్క మాటను కత్తిరించి విడిగ వినిపించి చూచిరి. వినినవారికి ఆంగ్లము మాతృభాష. అయినను అట్లు తెగిన మాటలలో సుమారు సగమును మాత్రమే వారు పోల్చుకొనగలిగిరి. ఇరుగుపొరుగు మాటలను కూడ చేర్చి వినిపించిన కొలదిని అదే శబ్దము తేటపడజొచ్చెను. దొరలు సయితము మాటను మాటగా వినుట లేదన్నమాట. సందర్భమును బట్టి పోల్చుకొనుచున్నారు.

అంతకుముందే, 1951 లో, హార్వర్డు విశ్వవిద్యాలయమున జార్జి మిల్లర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తన సహచరులైన హైజ్, లిక్టెన్ అనువారితో కూడి ప్రకటించిన ప్రయోగము ఈ విషయమునకు ఆయువుపట్టు. రొద నడుమ ఒక మాటను వినిపించి అది యేదియో చెప్పుమని శ్రోతల నడుగుటయే ఆ ప్రయోగము. కాని వినిపించుటకు ముందు, రాబోవు మాట ఈ జాబితాలోనిదని వారికి తెలిపియుంచిరి. ఒకమారు ఆ జాబితాలో రెండే మాటలు, ఒకమారు నాలుగు, ఎనిమిది, పదునాఱు, ముప్పదిరెండు, తుదకు 256. రొద యొక్కటే, చెవులు అవియే. మారినది జాబితా పొడవు మాత్రమే. రెండు మాటల జాబితా చేతనున్నపుడు పెద్ద హోరులో సయితము చిక్కిన మాట, 256 మాటల జాబితా ముందున్నపుడు అదే హోరులో చిక్కకపోయెను. సంక్రాంతికి ముందునాటి రైల్వే ప్లాట్‌ఫారముపై, దిగుచున్న వందలాది జనములో మన మేనమామను కనుగొనుటకు మనకు నిమిషము పట్టదు. ఎవరో ఒక పెద్దమనిషి వచ్చును, తోడ్కొని రమ్మని పంపినచో రైలు వెడలిపోయినను వెదకుచునే యుందుము. విషయపదజాలము నేర్చుట యనగా, రాబోవు మాటల జాబితాను ముందుగ కుదించి పెట్టుకొనుటయే.

మనస్సు ఈ పనిలో ఎంత సాహసమునకు తెగించునో రిచర్డు వారెన్ 1970 లో చూపెను. ఆయన ఒక ఆంగ్లవాక్యమును రికార్డు చేసి, అందు శాసనసభలను తెలుపు 'లెజిస్లేచర్స్' అను పదములోని ఒక సకారమును పూర్తిగ కత్తిరించి, ఆ తావున దగ్గు శబ్దము నొకదానిని అతికించి ఇరువదిమందికి వినిపించెను. వారిలో పందొమ్మండుగురు వాక్యము నిండుగ ఉన్నదనియు, ఏ ధ్వనియు లోపింపలేదనియు చెప్పిరి. మిగిలిన ఒక్కడు ఏదియో లోపించినదని చెప్పెను గాని, లోపించినది వేఱొక ధ్వని యని తప్పు చెప్పెను. లేని సకారమును వారందఱును నిజముగనే వినిరి. ఆ పదము వారి మనఃకోశమున సిద్ధముగ నున్నందువలన శబ్దములోని కన్నము పూడిపోయినది. ఆ పదమే తెలియనివానికి అచట దగ్గు తప్ప మఱేమియు మిగులదు.

ఇక కాలము సంగతి. ఇంగ్లీషు వార్తలు చదువువారు నిమిషమునకు సుమారు 150 మాటలు చదువుదురు. అనగా సెకనునకు రెండున్నర. తెలియని మాట యొకటి తగిలినపుడు, దాని అర్థ మేమై యుండునని రెండు సెకనులు ఆగి ఆలోచించిన శ్రోతను వెనుక వదలి అయిదు మాటలు దాటిపోవును. ఆ అయిదింటిని అందుకొనబోవునంతలో మఱి యయిదు. మనలో పెక్కండ్రు ఇంగ్లీషు ప్రసంగము విని 'మొదట కొంత తెలిసినది, పిదప అంతయు కలగాపులగమైనది' అని చెప్పుట ఇందువలననే. తెలిసిన మాటకు ఇట్టి ఆలస్యము లేదు. విలియం మార్స్‌లెన్-విల్సన్ అను శాస్త్రజ్ఞుడు 1970వ దశకమున చేసిన ప్రయోగములనుబట్టి, సందర్భములో వచ్చిన తెలిసిన మాటను శ్రోత అది మొదలైన సెకనులో అయిదవ వంతునకే, అనగా అది పూర్తిగ పలుకబడకమునుపే, పోల్చుకొనును. మిగిలిన వ్యవధి వాక్యార్థమునకు దక్కును. అర్థమును గ్రహించుటకు తెలివి యెంత అవసరమో ఈ తీరిక కూడ అంతే అవసరము.

మాటలు తెలిసియు విషయము తెలియనిచో ఏమగునో చూచినవారు బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనువారు, 1972 లో. బట్టలుతుకు విధానమును, బట్టలనుగాని నీటినిగాని సబ్బునుగాని పేర్కొనకుండ, మిక్కిలి సాధారణపదములతో వర్ణించిన యొక భాగమును టేపుపై వినిపించి, పిదప జ్ఞాపకమున్నంతవఱకు చెప్పుమనిరి. వినుటకు ముందే 'ఇది బట్టలుతుకుటను గూర్చి' యని తెలిసినవారు, ఆ సంగతి తెలియనివారికంటె సుమారు రెట్టింపు విషయములు చెప్పగలిగిరి. చిత్రమేమనగా, వినిన తరువాత ఆ సంగతి తెలిపినందువలన ఏమియు ప్రయోజనము లేకపోయెను. ముందు తెలిసినదే పనికివచ్చినది. మన అధ్యాపకులు ఇంగ్లీషు పాఠమును మొదట వినిపించి తుదకు సారాంశము చెప్పు ఆచారమును ఈ ఒక్క ప్రయోగము ప్రశ్నార్థకము చేయుచున్నది.

ఇంతవఱకు చెప్పినది ఏ దేశపు శ్రోతకైనను వర్తించును. తెలుగువాని చెవికి ప్రత్యేకముగ ఒక చిక్కు కలదు. మన భాష అజంతము; హల్లుతో ముగియు ఆంగ్లపదమునకు తుద ఒక అచ్చును తగిలించి బస్సు, రోడ్డు, బెంచీ యని మచ్చికచేసికొన్నగాని మనకు తృప్తి లేదు. ఇంగ్లీషు పలుకుబడిలోనో, పదాంతమందలి హల్లు తన మాటను విడిచి పైమాటలోని అచ్చును పోయి అంటుకొనును. 'టర్న్ ఇట్ ఆఫ్' అను మూడు మాటలు 'టర్నిటాఫ్' అను ఒక్క మాటయై చెవిన బడును. అంతకంటె లోతైనది లయ విషయము. లఘువు ఏకమాత్ర, గురువు ద్విమాత్ర యని మన లాక్షణికులు చేసిన గణన కేవలము పద్యరచనకొఱకు కల్పించినది కాదు. తెలుగు చెవి పలుకును కొలుచు విధమే అట్టిదని తోచుచున్నది. 2007 లో లలితా మూర్తి, తాకాషి ఒతాకే, ఆన్ కట్లర్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధనలో, జపాను మాటలను విని వానిని విడదీయు పద్ధతిలో తెలుగువారు జపానువారివలెనే మాత్రల ననుసరించి ప్రవర్తించినట్లు తేలెను. ఏ చుట్టరికమును లేని రెండు భాషలవారి చెవులు ఒకే కొలబద్దను వాడుచున్నవన్నమాట!

ఇంగ్లీషువాని కొలబద్ద వేఱు. అతడు ఊనికగల అక్షరమును పట్టుకొని అచట క్రొత్తమాట మొదలైనదని లెక్కించును; ఆంగ్లసంభాషణలో అర్థభారము వహించు మాటలలో సుమారు 90 శాతము ఊనికగల అక్షరముతోనే మొదలగునని కట్లర్, కార్టర్ 1987 లో లెక్కించి చూపిరి గనుక ఆ పద్ధతి అతనికి లాభించును. ఊనిక లేని అక్షరములు నడుమ నలిగి, 'అ' యని చెప్పుటకును 'ఇ' యని చెప్పుటకును వీలులేని ఒక మందధ్వనిగ మిగులును. ఫోటోగ్రాఫ్ అను మాటను తెలిసినవాడే, ఊనిక రెండవ అక్షరముపైకి జరిగిన 'ఫటాగ్రఫీ' చెవిన బడినపుడు అది దాని తోబుట్టువని పోల్చుకొనలేకపోవచ్చును. పుస్తకములో చూచి నేర్చిన పదజాలము వినికిడికి అక్కఱకు రాకుండుటకు ముఖ్యకారణ మిదియే. ఓడరేవులో పనిచేయువాడు సరకు దిగు గట్టును తెలుపు మాటను అక్షరక్రమమునుబట్టి 'క్వే' యని నేర్చినచో, నావికులు 'కీ' యని పలికినపుడు తాళపుచెవిని వెదకుకొనవలసివచ్చును. వినుటకై నేర్చు మాటను మొదట వినియే నేర్వవలెను.

ఎన్ని మాటలు నేర్చిన చాలును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో మొదటి వరుసలోని మైకేల్ వెస్టు, ఢాకాలోని ఉపాధ్యాయశిక్షణకళాశాలకు అధ్యక్షుడుగ నుండి, వంగదేశపు బాలురకు ఇంగ్లీషు నేర్పు చిక్కులను కన్నులార చూచినవాడు. 1953 లో ఆయన వెలువరించిన సుమారు రెండువేల మాటల పట్టిక చాలకాలము పాఠ్యపుస్తకములకు పునాదిగ నుండెను. ఇటీవలివాడైన న్యూజీలాండు ఆచార్యుడు పాల్ నేషన్, ఒక మాటను దాని రూపభేదములతో కలిపి ఒక కుటుంబముగ ఎంచి, నోటి ఇంగ్లీషులో నూటికి 98 మాటలు తెలియవలెనన్నచో ఆఱు మొదలు ఏడువేల కుటుంబములు కావలెనని 2006 లో లెక్కకట్టెను. సంవత్సరములు పట్టు పని! ఈ అంకె విని గుండె జాఱనివాడు అరుదు. కాని ఆ లెక్క సకలవిషయములను గూర్చి మాటలాడు సకలజనుల ఇంగ్లీషునకు. ఒక్క విషయమును చేపట్టినపుడు లెక్క మాఱిపోవును; ఏలయన ప్రతిశాస్త్రమునందును, ప్రతివృత్తియందును కొద్దిపాటి మాటలే మరల మరల తిరుగుచుండును. నేషన్ మహాశయుడే చుంగ్ అను సహచరురాలితో కలిసి శరీరనిర్మాణశాస్త్రగ్రంథమును పరిశీలింపగ, అందు ఇంచుమించు మూడు మాటలలో ఒకటి ఆ శాస్త్రమునకు చెందిన మాటయని తేలెను. ఆ మూడవ వంతు తెలియనివానికి తక్కిన రెండువంతులును తెలిసి ప్రయోజన మేమి?

విషయభాష ప్రాణములతో ముడిపడిన చోటు ఆకాశము. 1996 నవంబరు 12 వ తేదీ సాయంత్రము, హర్యానాలోని చర్ఖీదాద్రీ పట్టణమునకు పైన, ఢిల్లీనుండి బయలుదేరిన సౌదీ విమానమును, ఢిల్లీకి దిగవచ్చుచున్న కజకిస్థాను విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. కజకు విమానము తన కనుమతింపబడిన పదునైదువేల అడుగుల ఎత్తునకు దిగువకు వచ్చుట ఈ ఘోరమునకు మూలము. జస్టిసు లాహోటి విచారణసంఘము అందుకు చూపిన కారణములలో ఆ విమానసిబ్బందికి ఇంగ్లీషు చాలినంత తెలియకుండుటయు, ఆదేశములను అపార్థము చేసికొనుటయు ముఖ్యములు. వైమానికుల ఇంగ్లీషు మిక్కిలి చిన్నది. అందు ఎదుటి విమానము 'ట్వెల్వ్ ఓ క్లాక్' న ఉన్నదనగా పగలు పండ్రెండు గంటలని కాదు, గడియారపు ముఖములో పండ్రెండువలె సూటిగ ఎదుట నున్నదని. రొదలో పొరబడకుండుటకై త్రీ ని ట్రీ యనియు, ఫైవ్ ను ఫైఫ్ యనియు, నైన్ ను నైనర్ యనియు పలుకుదురు. మిల్లర్ ప్రయోగమున జాబితా చేసిన పనినే ఇచట కట్టుబాటు చేయుచున్నది. అంతర్జాతీయ పౌరవిమానయానసంస్థ 2003 లో భాషాపరీక్షను నిర్బంధము చేసి, 2008 నుండి అమలుపఱచెను. ఆ పరీక్ష పైలటునుండి కోరునది సాహిత్యపరిచయము కాదు. సాధారణములును, ప్రత్యక్షములును, పనికి సంబంధించినవియు నైన విషయములపై అవగాహన.

ఇచట ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. రాబోవు మాటను ముందుగ ఊహించు మనస్సు, రాని మాటను కూడ వినవచ్చును. వారెన్ శ్రోతలు లేని సకారమును వినినట్లే, పైలటు తనకు రావలసిన అనుమతిని రాకమునుపే వినినచో? ఈ భయముచేతనే ఎత్తును, దిశను, రన్‌వే సంఖ్యను తెలుపు ఆదేశమును పైలటు మరల పలికి వినిపింపవలెనని నిబంధన. విషయపరిజ్ఞానము చెవికి ఎంత మేలు చేయునో, పరాకుగ నున్నపుడు అంత కీడును చేయగలదు.

నేర్చువారి సౌకర్యార్థము ఇంగ్లీషునే నెమ్మదిపఱచినవారును కలరు. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959 అక్టోబరు 19 న స్పెషల్ ఇంగ్లీషు అను ప్రసారములను మొదలిడి, సుమారు 1500 మాటలకు మించకుండ, మామూలు వేగములో మూడింట రెండువంతుల వేగముతో వార్తలను చదివింపసాగెను. దానివలన అనేకదేశములవారికి మేలు కలిగిన మాట నిజము. అయినను నా దృష్టిలో నెమ్మది ఇంగ్లీషు ఊతకఱ్ఱయే. లోకములో ఎవరును అట్లు మాటలాడరు. వేగమును తగ్గించి అన్ని విషయములను వినుటకంటె, విషయమును తగ్గించి పూర్తివేగమున వినుట మేలైన మార్గము. స్టీఫెన్ క్రాషెన్ అను అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు ఒకే విషయముపై అనేకుల ప్రసంగములను మరల మరల వినుమని సలహా చెప్పెను. మన రేడియో శ్రోతలు ఆయన పేరెఱుగకయే ఆయన మార్గమున నడచిరి.

ఈ మార్గమును నేడు అవలంబింపగోరు తెలుగు పాఠకునకు నేను సూచించు విషయము క్రికెటు కాదు, తుపాను. కోస్తావారికి దీనిని గూర్చి తెలుగులో తెలియనిది లేదు. 1977 నవంబరునాటి దివిసీమ ఉప్పెన మొదలు 2014 అక్టోబరు 12 న విశాఖను తాకిన హుద్‌హుద్ వఱకు ప్రతియింటను ఒక కథ యున్నది. పూర్వజ్ఞానము నిండుగ నున్నది, మాటలు మాత్రమే కావలెను. భారత వాతావరణశాఖ ఇంగ్లీషు బులెటినులో మాటలు వెదజల్లినట్లుండవు, మెట్లుగ కట్టియుండును. లో ప్రెషర్ ఏరియా మన అల్పపీడనము. గాలి 17 నాట్లనుండి 27 నాట్లవఱకు ఉన్నచో డిప్రెషన్, అదియే వాయుగుండము. 28 నుండి 33 వఱకు డీప్ డిప్రెషన్. 34 దాటెనా సైక్లానిక్ స్టార్మ్ అని తుపానై పేరు పెట్టించుకొనును. 48 కి సివియర్, 64 కి వెరీ సివియర్, 90 కి ఎక్స్‌ట్రీమ్లీ సివియర్, 120 కి సూపర్ సైక్లానిక్ స్టార్మ్. నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. ఈ మెట్లను ఎఱిగినవాడు వార్తలలో 'సివియర్' అను మాట విని అది కేవలము విశేషణమని వదలివేయడు. గాలి గంటకు దాదాపు తొంబది కిలోమీటర్లకు చేరినదని అప్పుడే గ్రహించును.

వాన మాటలును ఇట్లే కొలతలు గలవి. ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు హెవీ, 115.6 మొదలు వెరీ హెవీ, 204.5 మొదలు ఎక్స్‌ట్రీమ్లీ హెవీ. 'ఐసొలేటెడ్ ప్లేసెస్' అని వినబడినపుడు ఏకాంతప్రదేశములని భ్రమపడరాదు; ఆ ప్రాంతమందలి వర్షమాపక కేంద్రములలో నాలుగవ వంతునకు మించనిచోట్ల అని ఆ మాటకు లెక్క. 'మెనీ ప్లేసెస్' అనగా సగమునకు పైన, 'మోస్ట్ ప్లేసెస్' అనగా ముప్పాతికకు పైన. ఇక వాక్యములా, అవి దాదాపు అచ్చుపోసినవి: 'మూవ్డ్ నార్త్ వెస్ట్‌వర్డ్స్', 'వెరీ లైక్లీ టు క్రాస్', 'గస్టింగ్ టు', 'ఫిషర్మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్'. వీనిని విడిమాటలుగ కాక గుత్తులుగ నేర్వవలెను. ఏలయన నోట అవి గుత్తులుగనే వెలువడును, 'లైక్లీ టు క్రాస్' లోని నడిమి 'టు' ఉన్నదో లేదో యన్నట్లు నలిగిపోవును.

పద్ధతి సులభము. మొదట ఆనాటి తెలుగు పత్రికలో వార్త చదువవలెను. పిదప అదే దినపు ఇంగ్లీషు బులెటినును ముందుంచుకొని, ఎవరైన చదువుచున్నది వినుచు, ప్రతిగుత్తిని వారు పలికినట్లే బిగ్గరగ పలుకవలెను. ఆ మీదట కాగితము మూసి విని, వినగనే ఒక కొలతనో, ఒక దిక్కునో, ఒక రేవు పేరునో వ్రాసికొని సరిచూచుకొనవలెను. బులెటిను మూడు గంటలకొకమారు మాఱును గాని, మాటలు మాఱవు. అంకెలును ఊళ్లపేర్లును మాఱును. అందుచేత రెండవనాటికి చెవి తెలియని మాటలతో పెనగులాడుట మాని, మాఱిన అంకెలకై కాచుకొనుట నేర్చును. రోగిని గూర్చి వినవలసిన నర్సులకును, వాదమును వినవలసిన కోర్టు గుమాస్తాలకును విషయము వేఱు, మార్గ మొక్కటే.

దీనితో సర్వమును సిద్ధించునని చెప్పుట అతిశయోక్తి యగును. తుపాను బులెటినును తుదివఱకు అందుకొన్నవాడు, అది చదివిన మనిషి పక్కవానితో ఆడిన హాస్యమును అందుకొనలేకపోవచ్చును. హాస్యమునకు విషయమంటూ లేదు. స్కాట్లండువాని ఉచ్చారణయు, టెక్ససువాని సాగదీతయు చెవికి వేఱువేఱుగ అలవడవలసినవే. కాని ఒక విషయమున గెలిచిన చెవి రెండవ విషయమునకు భయపడదు. నలిగిన అక్షరములను, అంటుకొన్న హల్లులను పట్టు నేర్పు విషయముతో మాఱునది కాదు గనుక, రెండవది మొదటిదానికంటె త్వరగ లొంగును.

కళాశాలలలో భౌతికశాస్త్రమో వాణిజ్యశాస్త్రమో బోధించు అధ్యాపకులకు నా మనవి యొక్కటి: ఇంగ్లీషు నేర్పుట ఇంగ్లీషు మాస్టరుగారి పనియని ఊరకుండక, పాఠము మొదలిడుటకు ముందు ఆ పాఠమున రానున్న ఇరువది మాటలను నల్లబల్లపై వ్రాయుటతో సరిపెట్టక, నోట పలికి పిల్లలచేత పలికింపుడు. ఇక పాఠకులకు: బంగాళాఖాతమున తుపానుల ముఖ్యకాలము అక్టోబరునుండి డిసెంబరు వఱకు. పైన చెప్పిన మాటలు ముప్పదికి మించవు. వచ్చు అక్టోబరునకు ముందే వానిని చెవికి అలవఱచుకొని, మొదటి బులెటినును ఇంగ్లీషుననే విని చూడుడు.